స్కైలాబు పడిన ఏడాది

మా ఊరు పాకాలకు నాలుగు మైళ్ళ దూరంలో, చెనక్కాయ చేలకూ రాళ్ళగుట్టలకూ నడుమ ఉండేది. 1979 వేసవి నాటికి నాకు తొమ్మిదేళ్ళు నిండాయి. అప్పట్లో మా ఇంట్లో ఒక జత ఎద్దులు, ఒక బర్రె, ఏడెనిమిది కోళ్ళు, పేరు పెట్టని ఒక కుక్క, పేరు పెట్టిన ఒక మేక ఉండేవి. నుదుటి మీద రూపాయి కాసంత తెల్లటి మచ్చ ఉన్నందువల్ల మా అవ్వ ఆ మేకకు చుక్క అని పేరు పెట్టింది. పిలిచేటప్పుడు అది ‘సుక్కా’ అయ్యేది. ఆకాశంలో ఉన్నవాటికీ మా దొడ్లో ఉన్నదానికీ ఒకటే పేరన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

ఇంటి వెనుక చిన్న మడిలో అవ్వ ఏటా అలసందలు పెట్టేది. మడి చుట్టూ కంపదడి, దడికి ఒక చెక్క తలుపు, తలుపుకు కొయ్య గడియ ఉండేవి. అలసంద తీగ అంటే చుక్కకు ప్రాణం. మొదట్లో తలుపు తెరిచి ఉన్నప్పుడు మాత్రమే దూరేది. అవ్వ గడియ వేయడం మొదలుపెట్టిన తరువాత, కొమ్ము కొసతో గడియను పైకెత్తి, మూతితో తలుపును తోసి లోపలికి పోవడం నేర్చుకుంది. అవ్వ వడ్లాయన చేత ఆ గడియను మార్పించింది. ముందు పక్కకు జరిపి, ఆ తరువాత ఎత్తితేనే తలుపు తెరుచుకునేటట్టు చేశాడాయన. చుక్కకు అది నేర్చుకోవడానికి మూడు రోజులు పట్టింది. ఒక మధ్యాహ్నం నేను వామి వెనుక నక్కి దాని పని మొత్తం చూశాను. అవ్వ కడవ తీసుకుని బావి దారి పట్టిందాకా అది ఏమీ ఎరగనట్టు నెమరు వేస్తూ కూర్చుంది. అవ్వ మలుపు తిరిగాక లేచి, ఒకసారి బావి వైపు, ఒకసారి ఇంటి వైపు చూసి, అప్పుడు గడియ దగ్గరికి వచ్చింది. దొంగతనానికి పోయే మనిషి ఇంతకంటే జాగ్రత్త పడడు.

మా తాత దాన్ని తెలివి అనడానికి ఒప్పుకునేవాడు కాదు. గొడ్డుకు ఆకలి తప్ప తెలివి ఎక్కడిదని ఆయన వాదన. “ఆకలి అందరికీ ఉంటాది. గడియ తీసే ఆకలి అందరికీ ఉండదు” అని అవ్వ ఒక్క మాటతో ఆ వాదనను తెంచేసింది. చాలా ఏళ్ళ తరువాత, 2014లో, లండన్‌లోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయం వారు మేకల మీద చేసిన ఒక పరీక్ష గురించి చదివినప్పుడు నాకు ఆ మాటే గుర్తుకు వచ్చింది. ముందు ఒక తాడును లాగి, తరువాత ఒక మీటను ఎత్తితేనే తిండి రాలే పెట్టెను వారు పన్నెండు మేకల ముందు పెట్టారు. తొమ్మిది మేకలు సగటున పన్నెండు ప్రయత్నాలలో ఆ కిటుకును పట్టేశాయి; పది నెలల తరువాత అదే పెట్టెను మళ్ళీ ముందు పెడితే మరిచిపోకుండా తెరిచాయి. జరిపి ఎత్తడం, లాగి ఎత్తడం — మా వడ్లాయన చేసిన గడియకూ, ఆ పెట్టెకూ పెద్ద తేడా లేదు.

ఆ ఏడాది జూలైలో స్కైలాబు భయం మా ఊరికి వచ్చింది. అమెరికా వారు 1973లో మనుషులు ఉండి పని చేసేందుకు ఆకాశంలోకి పంపిన ఆ ఇల్లు డెబ్బై ఏడు టన్నుల బరువైనదనీ, దాన్ని ఆపే దిక్కు లేదనీ, ఎక్కడ పడుతుందో పంపినవారికే తెలియదనీ రేడియోలోనూ, పేపర్లోనూ రోజూ వచ్చేది. అందులో అబద్ధం లేదు. అయితే ఆ నిజం పాకాల సంతకు పోయి మా ఊరికి తిరిగి వచ్చేసరికి లోకమే మునిగిపోతుందన్నంతగా పెరిగింది. ఎట్లాగూ చచ్చేవాళ్ళం, కోళ్ళను ఎవరి కోసం దాచిపెట్టాలని ఒకరు మొదలుపెట్టారు. వారం రోజుల పాటు మా ఊళ్ళో పొద్దున సంగటి లోకి కూడా కోడికూరే. పండగకైనా కోయని పుంజులు కూడా ఆ వారంలో పోయాయి. అప్పులు ఇచ్చినవాళ్ళు అడగడం మానేశారు, తీసుకున్నవాళ్ళు ఎట్లాగూ ఇచ్చే ఆలోచనలో లేరు. ఆ కొద్ది రోజులు మా ఊరు ఎంత కలివిడిగా ఉండిందో మళ్ళీ నేను చూడలేదు.

కోళ్ళు అయిపోయిన తరువాత మేకల వంతు వచ్చింది. వీధిలో నలుగురు కలిసి కోసి కుప్పలు వేసుకోవాలని అనుకున్నప్పుడు, తాత చుక్కను తీసుకుపోయాడు. అవ్వ అడ్డం పడలేదు. మడి తలుపు దగ్గర కూర్చుని, లేవలేదు. ఆ రాత్రి ఆమె ఉత్త మజ్జిగ తాగి పడుకుంది. నేను తిన్నాను. దాచుకోవడం ఎందుకు, మళ్ళీ పెట్టమని అడిగి తిన్నాను.

జూలై 11వ తేదీ రాత్రి స్కైలాబు హిందూ మహాసముద్రంలోనూ, ఆస్ట్రేలియా పడమటి ఎడారి ప్రాంతంలోనూ ముక్కలై పడింది. ఆ పక్కనున్న ఎస్పరెన్స్ అనే చిన్న ఊరి పాలకసంఘం, తమ నేల మీద చెత్త వేసినందుకు అమెరికా అంతరిక్ష సంస్థకు నాలుగు వందల డాలర్ల జరిమానా వేసిందని తరువాత తెలిసింది. మా ఊళ్ళో మరునాడు పొద్దున జనం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు. ఖాళీ గంపల కింద కోళ్ళు లేవు. ఎప్పటిలాగా తెల్లవారింది గాని కూసేది ఏదీ లేదు. రేడియో విన్న తాత, ఆ స్కైలాబు ఎక్కడో సముద్రంలో పడిందటనే అని గొంతు తగ్గించి చెప్పాడు. “యాడనో ఎందుకు, మన సుక్క నెత్తినే పడిందిలే” అంది అవ్వ. ఆ తరువాత ఆమె ఆ సంగతి ఎత్తగా నేను ఒక్కసారే విన్నాను. అది తరువాత చెబుతాను.

ఎంతో కాలానికి గాని నాకు తెలియని విషయం ఒకటుంది. మమ్మల్ని అంతగా భయపెట్టిన ఆ ఇంట్లో 1973లో రెండు సాలెపురుగులు కాపురం చేశాయి. వాటి పేర్లు ఆరబెల్లా, అనిత. బరువు తెలియని చోట సాలీడు గూడు అల్లగలదా అని మసాచుసెట్స్‌లో బడికి పోయే ఒక అమ్మాయి వేసిన ప్రశ్న అది; దాన్ని పట్టించుకుని ఆ పురుగులను పైకి పంపారు. దారం వదిలి కిందికి జారడం, ఆ జారుడులో తన బరువునే కొలబద్దగా పెట్టుకోవడం సాలీడు పద్ధతి. పైన ఆ బరువే లేదు. ఆరబెల్లా మొదటి గూడును అడ్డదిడ్డంగా అల్లింది. కొద్ది రోజులలో మాత్రం నేల మీద అల్లినంత పొందికగా అల్లేసింది. రెండు పురుగులూ ఆ ప్రయాణంలోనే చనిపోయాయి. కోడిపెట్టలను, మేకను మింగేసిన ఆ మృత్యువు లోపల ఒక సాలీడు, కింద అనేది లేని చోట కూడా తన పని ఎట్లా చేయాలో తెలుసుకుందన్న ఊహ నన్ను చాలా రోజులు వదలలేదు.

స్కైలాబు పడిన నెల రోజులకే, ఆగస్టు 10న, శ్రీహరికోట నుంచి మన ఎస్‌ఎల్‌వి-3 రాకెట్టు మొదటిసారి ఎగిరింది. పాకాల బడిలో మా సైన్సు అయ్యవారు బోర్డు మీద ఆ బొమ్మ గీసి, ఇరవై రెండు మీటర్ల ఎత్తు, పదిహేడు టన్నుల బరువు, నాలుగు అంచెలు అని చెప్పి, శ్రీహరికోట ఎక్కడో లేదు, మన తూర్పుననే ఉందని చేయి చాపి చూపించారు. రెండో అంచెలో కవాటం సరిగా మూసుకోక ఆమ్లం కారిపోవడం వల్ల అది అదుపు తప్పి, అయిదు నిమిషాలు దాటగానే బంగాళాఖాతంలో పడిపోయింది. పైన ఉన్నవాళ్ళది పడింది, పైకి పంపినవాళ్ళదీ పడింది, ఆకాశానికి పడేయడమే పని అని మేము నవ్వుకున్నాము. అయ్యవారు నవ్వలేదు. ఏడాది తిరగకుండా, 1980 జూలై 18న, అదే రాకెట్టు ముప్పై అయిదు కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ రోజు ఆయన బడిలో అందరికీ చేతిలో ఇన్ని పప్పుబెల్లాలు పెట్టారు. ఇప్పుడు శ్రీహరికోట మా తిరుపతి జిల్లాలోనే ఉంది. 2022లో జిల్లాలను విడదీసినప్పుడు, మేము కాలు కదపకుండానే రాకెట్టు కేంద్రం మా ఇంటి చిరునామాలోకి వచ్చి చేరింది.

ఆ రెండు ప్రయోగాల మధ్యలో, 1980 ఫిబ్రవరి 16న, సూర్యగ్రహణం వచ్చింది. సంపూర్ణ గ్రహణం నల్గొండ వైపు వాళ్ళకు; మాకు దక్కింది ముప్పావు వంతు పైన. తిరుమల కొండ మీద గుడి తలుపులు మూశారు. గ్రహణానికి తలుపు మూయని గుడి శ్రీకాళహస్తి ఒక్కటేనని అవ్వ చెప్పింది. నీళ్ళ తొట్టిలో, ఊరగాయ జాడీ మీద గరిక వేసి, ఇత్తడి తాంబాళంలో రోకలి నిలబెట్టి, మమ్మల్ని గడప దాటవద్దంది. నేను కిటికీలోంచి చూస్తూ రెండు సంగతులు కనిపెట్టాను. మొదటిది, వేపచెట్టు నీడలో ఆకుల సందుల నుంచి నేల మీద పడే ఎండ గుండ్రటి చుక్కలు చుక్కలుగా కాకుండా, వందలాది నెలవంకలుగా పడింది. ప్రతి సందూ సూర్యుడి బొమ్మను నేల మీద గీస్తోందన్న సంగతి నాకు అయ్యవారు తరువాత విప్పి చెప్పారు. రెండోది, స్కైలాబు తరువాత అవ్వ కొత్తగా తెచ్చి పెంచుతున్న పెట్ట, పిల్లలను వెంటేసుకుని గంప దాకా వచ్చి, లోపలికి పోకుండా ఆగిపోయింది. పొద్దు వాలినంత చీకటీ లేదు, మేయడానికి సరిపడినంత వెలుతురూ లేదు. అది తల ఒక పక్కకు వంచి, ఒంటి కంటితో ఆకాశాన్ని చూసి, అక్కడే నిలబడింది. సంపూర్ణ గ్రహణమైతే గంప కిందికి దూరి ఉండేది. మా ఊరి గ్రహణానికి మా ఊరి పెట్ట అంత మాత్రమే లెక్క కట్టింది. ఎక్కువా కాదు, తక్కువా కాదు.

కృత్తికా నక్షత్రాలను మా వైపు పిల్లలకోడి అంటారు. చెనక్కాయ కల్లంలో కాపలా పడుకున్న రాత్రుళ్ళలో తాత నాకు మొదట చూపించింది ఆ గుంపునే. ఊళ్ళో కరెంటు ఉన్నా అది వీధి మొదట్లో ఒక్క బల్బుకే పరిమితం కావడంతో, పాలపుంత కొండ అంచు నుంచి కొండ అంచు దాకా పిండి ఆరబోసినట్టు కనిపించేది. తిరుపతిలో మా మిద్దె మీది నుంచి ఇప్పుడు అది కనిపించదు. మా మనవడు దాన్ని ఫోనులో చూశాడు. ఆ కల్లంలోనే పగటి పూట నా కాలక్షేపం పేడపురుగులను చూడడం. తన కంటే పెద్ద పేడ ఉండను చేసుకుని, తల కిందికి, కాళ్ళు పైకి పెట్టి, వెనుక కాళ్ళతో తోసుకుంటూ పోయే ఆ పురుగు, కొంత దూరం పోయాక ఆగి, ఉండ మీదికెక్కి, గుండ్రంగా ఒకటి రెండు చుట్లు తిరిగి, మళ్ళీ దిగి, అదే దారిన తోసేది. నేను దాని ఉండను పుల్లతో పక్కకు నెట్టినప్పుడల్లా అది మళ్ళీ ఎక్కి తిరిగేది. అలసిపోయి కాళ్ళు చాపుకుంటోందని నేను అనుకునేవాడిని.

ఆ నాట్యం ఆకాశాన్ని చూసుకోవడానికని స్వీడన్ శాస్త్రవేత్త మేరీ డాకే బృందం తేల్చింది. సూర్యుడు ఎక్కడున్నాడు, వెలుతురు ఎటు నుంచి వస్తోంది అన్నది ఉండ మీద నిలబడి ఒకసారి మనసులో ముద్రించుకుని, ఆ ముద్రతో తిన్నటి గీతలో పోతుంది. పేడకుప్ప దగ్గర దొంగలెక్కువ; గుండ్రంగా తిరిగి మళ్ళీ అక్కడికే పోతే ఉండ దక్కదు. 2013లో వారు ఇంకొక అడుగు వేసి, దక్షిణాఫ్రికాలోని రాత్రిపూట తిరిగే ఒక పేడపురుగు జాతిని జొహానెస్‌బర్గ్ తారామండలంలోకి తీసుకుపోయారు. గోపురం మీద చంద్రుడు లేకుండా, పెద్ద నక్షత్రాలు లేకుండా, కేవలం పాలపుంత చారను మాత్రమే చూపించినా పురుగులు తిన్నగా పోయాయి. తలకు చిన్న అట్ట టోపీ పెట్టి ఆకాశం కనిపించకుండా చేస్తే దారి తప్పి తిరిగాయి. పాలపుంతను చూసి దారి తెలుసుకునే జీవిగా శాస్త్రం మొదట రుజువు చేసింది ఈ పేడపురుగునే. పుంత అంటే దారి అని మన భాషకు ఎప్పుడో తెలుసు. ఆ దారిన నిజంగా నడిచేది ఎవరో మాత్రం మనం చూడలేదు.

పక్షుల సంగతి దీనికంటే వింత. అమెరికాలో స్టీఫెన్ ఎమ్లెన్ అనే ఆయన నీలి రంగు చిన్న పిట్టలను గూట్లో ఉన్నప్పటి నుంచి పెంచి, కొన్నింటికి తారామండలంలో తప్పుడు ఆకాశాన్ని చూపించాడు. ఆ ఆకాశం ధ్రువ నక్షత్రం చుట్టూ కాకుండా, మనం ఆర్ద్ర అని పిలిచే ఎర్రటి నక్షత్రం చుట్టూ తిరిగేది. వలస కాలం వచ్చేసరికి ఆ పిట్టలు ఆర్ద్రనే ఉత్తర దిక్కుగా పెట్టుకుని, దానికి వెన్ను చూపి ఎగరబోయాయి. అంటే ధ్రువుడు ఎవరన్నది అవి పుట్టుకతో తెచ్చుకోలేదు. పసితనంలో రాత్రుళ్ళు మేలుకుని, అన్నీ కదులుతున్నప్పుడు కదలనిది ఏదో వెదుక్కుని, దాన్ని నమ్ముకున్నాయి. తాత కల్లంలో నాకు ధ్రువుడిని చూపించినప్పుడు, అది కదలదని నమ్మడానికి నేను రెండుసార్లు నిద్ర లేచి చూశాను. ఆ పిట్టలకు చూపించే తాత లేడు, అంతే తేడా.

లైకా కథ అయ్యవారే చెప్పారు. మాస్కో వీధుల్లో తిరిగే ఒక ఆడకుక్కను పట్టి, మెత్తగా మాట్లాడి, ఇరుకు డబ్బాలో గంటల తరబడి కదలకుండా కూర్చోవడం నేర్పి, 1957 నవంబరు 3న స్పుత్నిక్-2 ఉపగ్రహంలో అంతరిక్షంలోకి పంపారు. తిరిగి తెచ్చే ఏర్పాటు మొదటి నుంచీ లేదు. వారం రోజులు బతికిందని అప్పట్లో చెప్పుకున్నారు. వేడికి తట్టుకోలేక కొద్ది గంటలలోనే పోయిందన్న నిజం 2002లో గాని బయటికి రాలేదు. 1960 ఆగస్టులో వెళ్ళిన బెల్కా, స్ట్రెల్కా అనే కుక్కలు క్షేమంగా దిగాయి. స్ట్రెల్కా పిల్లల్లో ఒకటి అమెరికా అధ్యక్షుడి ఇంటికి కానుకగా పోయింది. బడిలో అందరూ ఆ పిల్ల కథ అడిగి మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు. నాకు లైకా దగ్గరే ఆగిపోయింది. ఆ కుక్క చెప్పినట్టు విన్నందువల్లే ఎంపికైంది. కరిచేదాన్ని, గింజుకునేదాన్ని వదిలేశారు. తెలివికీ, విధేయతకూ ఆ ధర కట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అంతరిక్షం అంటే చెవి కోసుకునే నాకు, ఆ ఒక్క చోట మాత్రం నోరు పెగలదు.

తాత 1983లో పోయాడు. పదో రోజున చెరువు గట్టున పిండం పెట్టి, దూరంగా నిలబడి కాకి కోసం చూశాము. చింతచెట్టు మీద నాలుగు కాకులు ఉన్నాయి, ఒక్కటీ దిగలేదు. అరగంట గడిచింది. పోయినవాడికి ఏదో కోరిక మిగిలిందని పెద్దలు అన్నారు. ఎద్దులను అమ్మబోమని మా నాయన మొక్కాడు, చెల్లెలి పెళ్ళి బాధ్యత నాదని చిన్నాయన మొక్కాడు. కాకులు కదలలేదు. చివరికి అవ్వ ముందుకు వచ్చి, “సుక్క సంగతి నేను మరిచిపోయినా. వచ్చి తిని పో” అంది. అందరం తలలు వంచుకున్నాము. ఆ మాట తరువాత కాసేపటికి ఒక కాకి దిగింది.

అవ్వ మాటకే కాకి వచ్చిందని ఊరంతా నమ్మింది. నేను ఇంకొకటి గమనించాను గాని, ఆ రోజు నోరు మెదపలేదు. మా చిన్నాయనకు ఉండేలు అలవాటు. ఆ చింతచెట్టు మీది గూళ్ళను వేసవిలో ఆయన చెదరగొట్టాడు. అవ్వ మాట్లాడిన తరువాత ఆయన కళ్ళు తుడుచుకోవడానికి గట్టు దిగి పక్కకు పోయాడు. కాకి దిగింది అప్పుడు. కాకులు మనిషి ముఖాన్ని గుర్తు పెట్టుకుంటాయని అమెరికాలో సియాటిల్ దగ్గర జాన్ మార్జ్‌లఫ్ అనే శాస్త్రవేత్త 2006 నుంచి చేసిన ప్రయోగాలు చూపించాయి. ఒక రకం ముసుగు వేసుకుని కాకులను పట్టి వదిలారు. ఆ తరువాత ఏళ్ళ తరబడి, ఆ ముసుగు ఎవరు వేసుకుని పోయినా కాకులు అరిచి వెంటబడ్డాయి, పట్టుబడని కాకులు కూడా మిగిలినవాటిని చూసి నేర్చుకున్నాయి. కుండలో రాళ్ళు వేసి నీళ్ళు పైకి తెచ్చిన కాకి కథ మనకు ఒకటో తరగతి నుంచీ తెలిసినదే. కేంబ్రిడ్జిలో 2009లో కాకి జాతి పక్షుల ముందు నీళ్ళ గొట్టాన్నీ, అందులో తేలే పురుగునూ పెడితే, అవి రాళ్ళు వేసి ఆ పురుగును అందుకున్నాయి. పెద్ద రాళ్ళు వేస్తే పని త్వరగా అవుతుందని కూడా తెలుసుకున్నాయి. కాకిలో తాత ఉన్నాడా లేడా అన్నదాని మీద నేను వాదించను. కాకిలో కాకి మాత్రం నిండుగా ఉంది.

నేను తిరుపతి వచ్చి ఎస్వీ యూనివర్సిటీలో చేరిన తరువాతనే, 1977లో అమెరికా వారు పంపిన రెండు వాయేజర్ అంతరిక్ష నౌకల మీద, ఎప్పటికైనా ఎవరైనా వింటారని భూమి మీది మాటలూ చప్పుళ్ళూ నింపి పెట్టిన బంగారు రికార్డు గురించి వివరంగా చదివాను. ప్రపంచ భాషలు యాభై అయిదింటిలో పలకరింపులు ఉన్నాయి. వాటిలో మన తెలుగు ఉంది. ఆ సంతోషం ఒక ఎత్తు. మూపురం తిమింగలాల పాటను భూమి మీది చప్పుళ్ళలో కాకుండా, ఈ పలకరింపుల వరుసలో చేర్చారన్నది మరొక ఎత్తు. కప్పలు, కీచురాళ్ళు, ఏనుగు, కుక్క అరుపు, గొర్రెలను తోలే సందడి మాత్రం చప్పుళ్ళ కింద ఉన్నాయి. తెలుగువాడి నమస్కారానికి పక్కనే తిమింగలం పలకరింపు కూర్చుంది, అర్థం తెలియకపోయినా అది మాట్లాడుతోందని ఒప్పుకున్నారు కాబట్టి. గొర్రెలనూ, మేకలనూ ఆ వరుసలో కూర్చోబెట్టడానికి ఆ కమిటీలో మా అవ్వ లాంటిది ఒకతి ఉండవలసింది. వాయేజర్-1 2012లో సూర్యుడి గాలి వీచే మేరను దాటిపోయింది.

మా ఊరి వైపు కూడా ఆకాశం వచ్చి దిగింది. 1990లలో, చిత్తూరు పోయే దారిలో గాదంకి దగ్గర, వెయ్యి ఇరవై నాలుగు ఆంటెన్నాలను వరుసగా పాతి పెద్ద రాడారు కట్టారు. నూరు కిలోమీటర్ల ఎత్తు దాకా గాలి ఎట్లా కదులుతోందో, అలజడిలోంచి తిరిగివచ్చే సన్నటి ప్రతిధ్వనిని బట్టి అది కనిపెడుతుంది. దాన్ని దూరం నుంచి చూసిన అవ్వ, ఇన్ని కొయ్యలు పాతినారు, తీగలు ఏవి పాకిస్తారని అడిగింది. ఆమె లెక్కలో పందిరి కొయ్య పాతితే దాని మీదికి అలసంద పాకవలసిందే.

ఇప్పుడు నేను ఉద్యోగం ముగించి తిరుపతిలోనే ఉన్నాను. రాత్రిపూట రాకెట్టు ఎగిరే రోజున మిద్దె ఎక్కుతాను. శ్రీహరికోట ఇక్కడికి నేరుగా తొంభై కిలోమీటర్ల లోపే. ఆకాశం తేటగా ఉంటే తూర్పున నీళ్ళ ట్యాంకుల మీదుగా నారింజ రంగు వెలుగు లేచి, వంగి, సన్నబడడం కనిపిస్తుంది. మా వీధి కుక్క ఒకటి నా వెంట మెట్లెక్కి వస్తుంది. 2024 డిసెంబరు 30న, రాత్రి పది గంటలకు, రెండు ఉపగ్రహాలను అంతరిక్షంలో కలపడానికి పీఎస్‌ఎల్‌వి-సి60 బయలుదేరినప్పుడు కూడా వచ్చింది. వెలుగు కనిపించగానే నేను అలవాటుగా వేలు చాపి, చూడు చూడు అన్నాను. అది చూసింది. వేలును కాదు, వేలు చూపిన వైపు చూసింది. వేలును పట్టించుకుని అది చూపే దిక్కుకు పోవడంలో మనకు దగ్గరి చుట్టాలైన చింపాంజీల కంటే కుక్కలే మెరుగని 2002లో తేలింది. ఏ శిక్షణా లేని మన దేశపు వీధికుక్కల మీద కోల్‌కతాలోని ఐసర్ అనే సైన్సు విద్యాసంస్థ పరిశోధకులు 2020లో ప్రచురించిన పరిశీలనలో, దగ్గరికి వచ్చిన కుక్కలలో దాదాపు ఎనభై శాతం వేలు చూపిన గిన్నె వైపే పోయాయి. మా కుక్క కూడా గోడ దాకా పోయి, వాసన చూసి, అక్కడ గిన్నె ఏదీ లేదని తెలుసుకుని, తిరిగి నా ముఖంలోకి చూసింది. నేను ఇంట్లోకి పోయి రెండు బిస్కెట్లు తెచ్చి పెట్టవలసి వచ్చింది. చూపించిన తరువాత ఏదో ఒకటి ఉండాలి కదా.

ఆ రాకెట్టు చివరి అంచెలో చిన్న పెట్టె ఒకటి ఉందని మరునాడు పేపర్లో చదివాను. దానిలో ఎనిమిది అలసంద గింజలు పెట్టి పంపారట. బరువు తెలియని చోట అవి మొలకెత్తుతాయేమో చూడడానికి పంపారు. నాలుగు రోజుల్లో మొలకెత్తాయి, ఆ వెంటనే ఆకులు విప్పాయి. ఆ ఫొటోను మా ఆవిడకు చూపిస్తే, ఎనిమిదేనా, పిడికెడు కూడా లేవే అని ఆమె నవ్వింది. చుక్కకైతే ఒక్క నమలడానికి సరిపోయేవి అన్నాను. చుక్క ఎవరని ఆమె అడిగింది. పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటినా ఆ కథ ఆమెకు చెప్పలేదన్న సంగతి నాకు అప్పుడే తట్టింది. వడ్లాయన చేసిన గడియ దగ్గర మొదలుపెట్టి చెప్పుకుంటూ వచ్చాను, వీధిలో నలుగురూ కుప్పలు వేసుకున్న చోటికి వచ్చేసరికి, “నువ్వు తిన్నావా?” అని ఆమె అడిగింది.

తిన్నానని చెప్పాను.